ల్యాబ్‌లో అడుగుపెట్టకుండానే అయిదేళ్లు రాసివ్వొద్దు

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికాలోని చాలా డిపార్ట్‌మెంట్లు పీహెచ్‌డీకి ఎంపిక చేసుకున్న విద్యార్థులను తమ ఖర్చుతో రప్పించుకుంటాయి. హోటల్లో దించి, రెండు రోజులు క్యాంపస్‌లో తిప్పి, ప్రొఫెసర్లతోనూ పాత విద్యార్థులతోనూ మాట్లాడిస్తాయి. అప్పటికి ఆ విద్యార్థి చేరతానని మాటేమీ ఇచ్చి ఉండడు. మూడు చోట్ల సీటు వచ్చినవాళ్లు మూడు చోట్లకూ వెళ్లొచ్చి, ఏప్రిల్ 15 లోగా ఏదో ఒకటి తేల్చుకుంటారు. ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫర్‌కు ఆ తేదీకంటే ముందే జవాబు చెప్పమని విద్యార్థిని తొందరపెట్టకూడదని అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల కౌన్సిల్ తీర్మానం ఒకటి ఉంది. పేరున్న విశ్వవిద్యాలయాలు చాలావరకు దానికి కట్టుబడతామని సంతకం చేశాయి.

చేరి రెండేళ్లయ్యాక మధ్యలో మానేసే విద్యార్థి వల్ల వచ్చే నష్టంతో పోలిస్తే విమాన టికెట్ ఖర్చు ఎంత తక్కువో ఆ డిపార్ట్‌మెంట్లకు తెలుసు. విద్యార్థికైతే ఆ నష్టం ఇంకా ఎక్కువ. అయినా హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని ఆఫర్ అందుకున్నవాళ్లకు సాధారణంగా దక్కేది ఒక జూమ్ లింకు. మన దేశంలోనే పీహెచ్‌డీలో చేరేవాళ్లలో చాలామందికి అదీ ఉండదు. ఇంట్లో చర్చంతా సంస్థ ర్యాంకు చుట్టూ, ఊరి చుట్టూ, ఫెలోషిప్ ఎంత వస్తుందన్నదాని చుట్టూ తిరుగుతుంది. అయిదారేళ్లు ఎవరి కింద పనిచేయాలన్న సంగతి మాత్రం చేరిన తర్వాత తెలుస్తుంది.

చేరేముందు వెళ్లి చూడాలా వద్దా అన్నదానికి అన్ని కోర్సులకూ ఒకే జవాబు పనికిరాదు. పీహెచ్‌డీ అయితే తప్పకుండా చూడాలి, వెళ్లే దారి లేకపోతే వెళ్లినంత పనీ దూరం నుంచే చేయాలి. ఎంఎస్ కోసమైతే ఆ ఖర్చు దండగ.

పీహెచ్‌డీలో విద్యార్థి బతుకు గైడ్ చేతిలో ఉంటుంది. ఏ సమస్య మీద పనిచేయాలి, పేపర్ ఎప్పుడు పంపాలి, థీసిస్ ఎప్పుడు సమర్పించాలి, తర్వాత ఉద్యోగానికి ఎవరు సిఫారసు రాయాలి, అన్నీ ఆ ఒక్క మనిషి దగ్గరే తేలతాయి. సంస్థ ఎంత గొప్పదైనా, లోపల గైడ్‌తో పొసగకపోతే ఆ గొప్పతనం అక్కరకు రాదు. వెబ్‌సైటులో పరిశోధన అంశం ఉంటుంది, పేపర్ల జాబితా ఉంటుంది. గైడ్‌కు కోపమొస్తే ఎలా ఉంటారో, విద్యార్థి రాసిన డ్రాఫ్ట్‌ను ఎన్నాళ్లకు చదువుతారో అక్కడ దొరకదు. దాన్ని చెప్పగలిగింది ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న విద్యార్థులు మాత్రమే. అదీ గైడ్ పక్కన లేనప్పుడు.

అందుకే వెళ్లినప్పుడు భవనాలకూ పరికరాలకూ ఎక్కువ సమయం ఇవ్వనక్కర్లేదు. విద్యార్థులతో కలిసి భోంచేసే గంట దొరికితే ప్రయాణం ఫలించినట్టే. గైడ్ మంచివారేనా అని అడిగితే ఎవరైనా మంచివారనే అంటారు. జరిగిన సంగతులు అడగాలి. ఈ ల్యాబ్‌లో చివరిసారి థీసిస్ సమర్పించినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది? మధ్యలో ఎవరైనా వెళ్లిపోయారా, ఇప్పుడు ఏం చేస్తున్నారు? పోయిన నెలలో గైడ్‌తో ఎన్నిసార్లు కూర్చున్నారు? చివరి పేపర్‌లో మొదటి పేరు ఎవరిదో ఎలా తేల్చారు? పెళ్లికో, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతేనో సెలవు అడిగితే ఏమన్నారు? ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పేముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే, అది కూడా జవాబే. ఒకరిద్దరు గైడ్ మీద సణిగినంత మాత్రాన భయపడక్కర్లేదు, పరిశోధనలో విసుగు మామూలే. నలుగురూ ఒకే విషయం దగ్గర ఆగిపోతే మాత్రం పట్టించుకోవాలి.

అమ్మాయిలు ఆ ల్యాబ్‌లోని అమ్మాయిలతో విడిగా మాట్లాడటం మరీ అవసరం. రాత్రి పదకొండు దాటాక ప్రయోగం ముగిస్తే హాస్టల్‌కు ఎలా వెళ్తారు, వేధింపుల మీద ఫిర్యాదు చేయాల్సి వస్తే అంతర్గత కమిటీ నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నలకు నోటీసు బోర్డు మీద సరైన జవాబు దొరకదు.

అమెరికా ఆఫర్ చేతికొచ్చిన విద్యార్థి టూరిస్టు వీసా మీద వెళ్లి చూసి రావచ్చు కదా అనిపిస్తుంది. నియమాల ప్రకారం తప్పులేదు, చదవబోయే కాలేజీలను చూడటానికి బీ-2 వీసా అడగవచ్చు. కానీ నేనైతే వద్దంటాను. వీసా ఫీజు, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూపు ఒక ఎత్తు. చదువు కోసం అక్కడికి వెళ్లబోతున్న, ఇంకా ఉద్యోగమూ ఆస్తీ లేని యువకుడు తిరిగొస్తాడని కాన్సులేట్ అధికారి నమ్మకపోవచ్చు. ఒకసారి తిరస్కరణ పడితే, తర్వాత చదువు కోసం పెట్టే ఎఫ్-1 వీసా దరఖాస్తులో ఆ సంగతి రాసి తీరాలి. రెండు రోజుల సందర్శన కోసం అసలు వీసాకే చిక్కు తెచ్చుకోవడం తెలివైన పని కాదు. ఇప్పటికే అక్కడ ఎంఎస్ చేస్తూ పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టిన తెలుగు విద్యార్థుల సంగతి వేరు. డిపార్ట్‌మెంట్ పిలిచినప్పుడు పార్ట్‌టైమ్ పనో, అసైన్‌మెంటో అడ్డొస్తుందని మానుకోవద్దు.

వెళ్లలేనివాళ్లు జూమ్‌లో గైడ్‌తో మాట్లాడి ఊరుకోకూడదు. ల్యాబ్‌లోని ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో విడివిడిగా మాట్లాడతానని ఈమెయిల్ పెట్టాలి. అక్కడ అది మర్యాద తప్పిన కోరికేం కాదు. ఇంకో పని, చాలామందికి తట్టనిది: ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ ల్యాబ్ పేజీ పాత ప్రతులు దొరుకుతుంటాయి. అయిదేళ్ల కిందటి విద్యార్థుల పేర్లను, ఇప్పటి పేజీలో పట్టా పుచ్చుకున్నవాళ్ల పేర్లతో సరిచూడండి. మొదటి జాబితాలో ఉండి రెండోదాంట్లో కనిపించనివాళ్లు ఉంటే, వాళ్లలో ఒకరికి మర్యాదగా ఒక సందేశం పంపండి. వెళ్లిపోయినవాళ్లు చెప్పే మాట సగం చేదుగా ఉన్నా, మిగతా సగం ఇంకెవరూ చెప్పనిది.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపులు అద్దెల గురించి, చలి గురించి, కిరాణా కొట్ల గురించి చక్కగా చెబుతాయి. వేరే డిపార్ట్‌మెంట్‌లో ఎంఎస్ చేస్తున్న మన ఊరి అన్నకు మీ గైడ్ గురించి తెలిసే అవకాశం తక్కువ.

ఇక డబ్బు సంగతి 2025 తర్వాత మరీ స్పష్టంగా అడగాలి. ఆ ఏడాది ఫెడరల్ పరిశోధన నిధులు సందిగ్ధంలో పడినప్పుడు మాసచూసెట్స్ విశ్వవిద్యాలయపు చాన్ వైద్య కళాశాల బయోమెడికల్ పీహెచ్‌డీకి ఇచ్చిన ఆఫర్లను వెనక్కి తీసుకుంది. నా జీతం ఏ గ్రాంట్ నుంచి వస్తుంది, అది ఎప్పటిదాకా ఉంటుంది, అయిపోతే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తారా అని అడిగితే మంచి గైడ్ నొచ్చుకోరు.

మన దేశంలో చేరేవాళ్లకు ఒక అవకాశం చేతిలోనే ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ అయినా, కందిలోని ఐఐటీ హైదరాబాద్ అయినా, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ అయినా, ఇంటర్వ్యూ క్యాంపస్‌లోనే పెడితే అదే మీ సందర్శన. మనవాళ్లలో ఎక్కువమంది పొద్దున దిగి, ఇంటర్వ్యూ అయ్యాక సాయంత్రం రైలెక్కేస్తారు. మర్నాటికి టికెట్ తీసుకుంటే చాలు. రాత్రి హాస్టల్ మెస్‌లో స్కాలర్ల మధ్య కూర్చుంటే ఏ గైడ్ దగ్గర ఎన్నేళ్లు పడుతుందో, ఫెలోషిప్ నెలనెలా వస్తోందో లేదో అడగకుండానే చెబుతారు.

ఈ ఏళ్ల లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42,000, మొత్తం అయిదేళ్లు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి మామూలుగా గరిష్ఠ గడువు ఆరేళ్లు. ఒక ల్యాబ్‌లో అందరికీ ఆరేళ్లు పడుతోందంటే చివరి ఏడాది ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోవాలనే అర్థం. తండ్రి రిటైరైన ఇంట్లో ఆ ఏడాది చాలా బరువు. అవే నిబంధనల్లో మరో అంశం ఉంది: పదవీ విరమణకు మూడేళ్లు కూడా లేని అధ్యాపకులు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ప్రొఫెసర్ ఒక సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. గైడ్ దగ్గర ఎన్ని థీసిస్‌లు పూర్తయ్యాయో, ఏయే సంవత్సరాల్లోనో ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారం శోధ్‌గంగలో ఉచితంగా వెతుక్కోవచ్చు.

ఎంఎస్ విషయానికొస్తే, అక్కడ ఒక మనిషి చేతిలో అన్నీ ఉండవు, కోర్సులు నడిచిపోతాయి. గుర్తింపు, ఫీజు, ఉద్యోగాలు ఇంటి నుంచే విచారించవచ్చు. అయితే కళ్లతో చూస్తే మోసం దొరికిపోతుందన్న నమ్మకమూ సరికాదు. 2011లో నకిలీదని బట్టబయలైన కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీకి చిరునామా ఉంది. కాళ్లకు ఎలక్ట్రానిక్ నిఘా పట్టీలు వేయించుకున్నవాళ్లలో మన పిల్లలున్నారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీని అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగమే వల పన్నడానికి నడిపింది. ఆఫీసు ఉంది, వెబ్‌సైటు ఉంది, పాఠం చెప్పేవాళ్లే లేరు. 2019లో అది బయటపడినప్పుడు అరెస్టయిన విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులు, తెలుగువాళ్లు చాలామంది. పోయిన వారం ఏ క్లాసుకు వెళ్లావు, ఎవరు చెప్పారు అని అక్కడ చదువుతున్నానన్నవాళ్లను అడిగితే చాలు, వెళ్లి చూడాల్సిన పనిలేకుండా సంగతి తెలిసేది.

మన సంస్థలు కూడా ఇంత బరువు విద్యార్థి నెత్తిన వదిలేయకూడదు. ఎంపిక జాబితా వచ్చాక, ఫీజు కట్టే గడువుకు ముందు, చేరబోయేవాళ్లను ఒక రోజు క్యాంపస్‌కు పిలవవచ్చు. హాస్టల్ అతిథి గదులు, మెస్ భోజనం, రైలు చార్జీ తప్ప పెద్ద ఖర్చేమీ ఉండదు. గైడ్‌లను పక్కనపెట్టి స్కాలర్లతో రెండు గంటలు వదిలేస్తే సరిపోతుంది. ఫలితాల నోటీసులోనే ఆ తేదీ కూడా వేస్తే, శ్రీకాకుళం నుంచి ఒంటరిగా బయల్దేరాల్సిన అమ్మాయికి ఇంట్లో చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.