కెల్టిక్ గాథలో గ్రీకు దేవత కనిపిస్తే అది కల్తీయేనా?

ఫాంటసీ నవలల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒక వాదన వినిపిస్తూ ఉంటుంది. ఐర్లండ్, పశ్చిమ యూరప్‌లలోని ప్రాచీన కెల్టు జాతుల గాథలకూ గ్రీకు పురాణాలకూ ఏనాడూ సంబంధం లేదనీ, ఐర్లండ్ గాథలు బయటి గాలి సోకకుండా మిగిలాయనీ, రెంటినీ కలిపి రాయడం నేటి వ్యాపార రచయితలు మొదలుపెట్టిన పని అనీ, అలా కలిపితే రెండూ చెడిపోతాయనీ దాని సారాంశం. చివరి మాటలో కొంత నిజం ఉంది. తక్కిన మూడూ సాక్ష్యాల ముందు నిలిచేవి కావు.

సంబంధమే లేదన్న మాటకు జవాబు నేలలోనే దొరుకుతుంది. క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకులు నేటి మార్సెయ్ నగరం ఉన్న చోట మస్సాలియాను స్థాపించి గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు) కెల్టులతో వర్తకం సాగించారు. ఫ్రాన్స్‌లోని విక్స్ వద్ద 1953లో బయటపడిన ఒక కెల్టిక్ కులీన స్త్రీ సమాధిలో 1.64 మీటర్ల ఎత్తు, 208 కిలోల బరువు గల గ్రీకు కంచు పాత్ర దొరికింది. దాని పిడుల మీద పాముల జుట్టున్న గ్రీకు రాక్షసులు, గోర్గన్లు, ఉన్నాయి. రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాలంలో పారిస్ పడవవాళ్లు నిలిపిన రాతి స్తంభం మీద కొమ్ముల దేవుడు కెర్నున్నోస్‌తో పాటు గ్రీకు కవలవీరులు కాస్టర్, పోలక్స్ కూడా కొలువుదీరారు.

స్వచ్ఛత సంగతి ఇంకా బలహీనం. ఐరిష్ గాథలను మనకు రాసిపెట్టినవారు మఠాలలో లాటిన్ చదువుకున్న క్రైస్తవులు. ట్రోయ్ పతనం, ఈనియస్ ప్రయాణం, థీబ్స్ యుద్ధం వంటి కథలను వాళ్లు తమ భాషలోకి తెచ్చుకున్నారు. అవి గ్రీకు నుంచి కాక లాటిన్ మీదుగా వచ్చిన మాట నిజమే గానీ, వచ్చాయన్నదే ఇక్కడ ముఖ్యం. ఐర్లండ్‌కు వచ్చి స్థిరపడిన జాతుల కథలు చెప్పే 'లెబోర్ గబాలా' ప్రకారం పార్తొలోన్ గ్రీసు నుంచే వస్తాడు. ఫిర్ బోల్గ్ జాతి గ్రీసులో బానిసత్వం చేసి, మట్టి సంచులు మోసి, తిరిగివస్తుంది. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం 'టాయిన్'లో ఉంది. ఐరిష్ వీరగాథలలో తలమానికమైన ఆ కథ తొలి పాఠంలో ఐరిష్ యుద్ధదేవత మోరిగన్ పక్షి రూపంలో రాతి స్తంభం మీద వాలి, కూలీ అనే ప్రాంతపు గోధుమవన్నె ఆబోతును హెచ్చరించే చోట, లేఖకుడు ఆమెను గ్రీకు ప్రతీకార దేవత అల్లెక్టో పేరుతో ప్రవేశపెట్టి, ఆమే మోరిగన్ అని విడమరిచాడు. పేరు అరువుదే అయినా పక్షి రూపం, హెచ్చరిక మాత్రం పూర్తిగా మోరిగన్‌వే.

ఇక ఇది నేటి రచయితల పని అనేవారు 'సర్ ఓర్ఫియో' చదవాలి. 1330ల నాటి ఆకిన్‌లెక్ రాతప్రతిలో ఉన్న ఈ మధ్యాంగ్ల కావ్యం తనను బ్రెటన్ గేయాల (ఫ్రాన్స్‌లోని కెల్టిక్ ప్రాంతం బ్రిటనీ కథాగేయాల) కోవలో చేర్చుకుంటుంది. గ్రీకు కథలో థ్రేస్ దేశపు గాయకుడు ఓర్ఫియస్, పాము కాటుకు చనిపోయిన భార్య కోసం మృత్యులోకానికి వెళ్లి, సంగీతంతో ఆమెను విడిపించుకుని, వెనక్కి చూడకూడదన్న షరతు తప్పి మళ్లీ పోగొట్టుకుంటాడు. ఇక్కడ కథానాయకుడు ఆ ఓర్ఫియసే, కాకపోతే ఇంగ్లండ్ రాజయ్యాడు; థ్రేస్ అన్నది వించెస్టర్‌కు పాత పేరని కవి ఏ మొహమాటమూ లేకుండా చెప్పేస్తాడు. రాణి హ్యూరోదిస్‌ను పాము కాటు వేయదు. మే నెల మధ్యాహ్నం చెట్టు నీడన నిద్రపోయిన ఆమెకు యక్షలోకపు రాజు కనిపించి, రేపు తీసుకుపోతానని చెబుతాడు. మర్నాడు వెయ్యిమంది సాయుధులు చుట్టూ కాపలా ఉండగానే ఆమె మాయమవుతుంది. ఇది ఐరిష్ ఎటైన్ కథలో, యక్షలోకానికి చెందిన మిడిర్ చేసే పనిని గుర్తు చేస్తుంది: టారా కోటను సేనలు చుట్టుముట్టి ఉండగా, అతడు ఎటైన్‌ను పొదివి పట్టుకుని ఇంటి కప్పు కంతలోంచి ఎగిరిపోతాడు. ఓర్ఫియో పదేళ్లు అడవిలో గడిపి, యక్షలోకపు స్త్రీలలో భార్యను గుర్తించి, కొండరాతిలోంచి వెంబడించి, వీణ వంటి హార్ప్ వాయించి ఆమెను గెలుచుకుంటాడు. వెనక్కి తిరిగి చూడకూడదన్న షరతే లేదు కనుక ఆమెను పోగొట్టుకోడు. మృత్యులోకం స్థానంలో యక్షలోకం రావడం వల్ల కథ ముగింపే మారిపోయింది. ఇది రెండూ చెడిన కథ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

అయినా ఆ నాలుగో మాటను పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. ఐరిష్ దేవుళ్లలో దాగ్దా అంటే గ్రీకు దేవతల రాజు జ్యూస్, లూ అంటే గ్రీకు దేవుడు అపోలో అని పట్టిక వేసుకుని రాసే నవలలు ఉన్నాయి, అవి నీరసంగానే ఉంటాయి. దాగ్దాను తీసుకోండి. అతని దుడ్డుకర్రలో ఒక కొన చంపితే మరో కొన బతికిస్తుంది. శత్రువులైన ఫొమోరియన్లు నేలలో గొయ్యి తవ్వి, దాని నిండా జావ పోసి, అంతా తినకపోతే చంపుతామంటే, అతడు తినేసి గొయ్యి అడుగును వేలితో గీకి నాకుతాడు. జ్యూస్ గంభీరమూర్తిని ఆ స్థానంలో కూర్చోబెట్టిన రచయిత ఈ దృశ్యం రాయలేడు. అక్కడ నష్టం రెండు సంప్రదాయాలు కలిసినందువల్ల జరగలేదు; ఒకదాన్ని అసలు చదవకుండానే రెండోదాని పేరు అతికించినందువల్ల జరిగింది.