28 ఏళ్ళ తర్వాత ఈగల్స్ కొత్త ఆల్బమ్: గెలిచింది పాటలా, దుకాణమా?

2007 నవంబరు మొదటి వారంలో అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ తన ఆల్బమ్ చార్టు నిబంధన ఒకదాన్ని ఉన్నట్టుండి మార్చేసింది. ఒకే రిటైల్ చెయిన్‌లో మాత్రమే దొరికే ఆల్బమ్‌ను అప్పటిదాకా ప్రధాన చార్టులో లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఆ లెక్కన ఆ వారం మొదటి స్థానం బ్రిట్నీ స్పియర్స్‌కి దక్కాలి. ఆమె 'బ్లాకౌట్' సుమారు 2 లక్షల 90 వేల కాపీలు అమ్ముడైంది. అదే వారం అమెరికన్ రాక్ బృందం ఈగల్స్, 1979 తర్వాత తొలి స్టూడియో ఆల్బమ్‌గా చేసిన రెండు డిస్కుల 'లాంగ్ రోడ్ అవుట్ ఆఫ్ ఈడెన్'ను అమెరికాలో వాల్‌మార్ట్ అనే పెద్ద దుకాణాల చెయిన్‌లో, దాని అనుబంధ శామ్స్ క్లబ్‌లో, తమ సొంత వెబ్‌సైటులో మాత్రమే పెట్టి 7 లక్షల 11 వేలు అమ్మింది. రెట్టింపు కన్నా ఎక్కువ అమ్మినవాళ్ళను పక్కన పెడితే నవ్వులపాలయ్యేది చార్టే. నిబంధన మారింది, ఈగల్స్ పైకి వచ్చారు, బ్రిట్నీ రెండో స్థానానికి దిగింది.

ముసలి రాక్ బృందాలు తిరిగొచ్చి హిట్ కొట్టడం గురించి మాట్లాడేటప్పుడు 'అభిమానం చావదు', 'మంచి పాటకు వయసు లేదు' లాంటి మాటలు వెంటనే వచ్చేస్తాయి. ఈగల్స్ విషయంలో అవి పూర్తిగా అబద్ధం కావు గానీ అసలు సంగతిని కప్పేస్తాయి. ఆ ఆల్బమ్‌తో వాళ్ళు సంగీతంలో పోగొట్టుకున్న చోటును వెతుక్కోలేదు. ఆ చోటు ఎప్పుడూ పోలేదు, రేడియో రోజూ వాళ్ళ పాత పాటలే వేస్తోంది. వాళ్ళు తేల్చుకోవాలనుకున్నది వేరే విషయం. పాట రాసి పాడిన మనిషికీ కొనే మనిషికీ మధ్య ఎంతమంది కూర్చోవాలి, ఎవరు ఎంత తీసుకోవాలి అన్నది.

మన దగ్గర ఈగల్స్ అంటే ఎక్కువమందికి 'హోటల్ కాలిఫోర్నియా' ఒక్కటే. హైదరాబాద్‌లో గిటార్ పట్టుకున్న కుర్రాడెవడూ దాని చివరి సోలో జోలికి పోకుండా ఉండడు. కానీ అమెరికాలో వాళ్ళ స్థాయి ఒక్క పాటతో తేలేది కాదు. 1971 నుంచి 1975 దాకా వచ్చిన హిట్లను కలిపి 1976లో వేసిన సంకలనం అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌గా 2018లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను దాటింది. ఇంత ఆస్తి ఉన్నవాళ్ళు విడిపోయిన తీరు మాత్రం హుందాగా లేదు. 1980 జులైలో లాంగ్ బీచ్‌లో ఒక సెనేటర్ కోసం చేసిన కచేరీలో బృందం గాయకుడు గ్లెన్ ఫ్రే, గిటారిస్టు డాన్ ఫెల్డర్ స్టేజీ మీదే పాటకీ పాటకీ మధ్య తిట్టుకున్నారు. ఆ తర్వాత కాంట్రాక్టు ప్రకారం లైవ్ ఆల్బమ్ ఒకటి ఇవ్వాల్సి వస్తే, ఒకరి ముఖం ఒకరు చూడలేక దేశానికి ఆ చివరా ఈ చివరా కూర్చుని, టేపులు కొరియర్‌లో పంపుకుంటూ గొంతులు సరిదిద్దారు. గొంతులు కలవడమే పేరుగా ఉన్న బృందం పరిస్థితి అది.

నరకం గడ్డకట్టినప్పుడు మళ్ళీ కలిసి వాయిస్తామని బృందం డ్రమ్మర్, గాయకుడు డాన్ హెన్లీ అనేవాడు. 1994లో కలిసినప్పుడు లైవ్ ఆల్బమ్‌కు ఆ మాటే పేరుగా పెట్టేశారు. అందులో కొత్త పాటలు నాలుగే. టికెట్ ధర 100 డాలర్లు దాటించి విమర్శలు తిన్నారు, హాళ్ళు మాత్రం నిండాయి. 2001లో ఫెల్డర్‌ను తీసేశారు, వ్యవహారం కోర్టుకెక్కి 2007లో రాజీతో ముగిసింది. 2003లో మొదలుపెట్టిన టూర్‌కు 'ఫేర్‌వెల్ 1' అని పేరు పెట్టారు. వీడ్కోలుకు కూడా నంబరు వేసిన వాళ్ళు వ్యాపారం తెలియనివాళ్ళని ఎవరూ అనలేరు.

ఇక 2007. ఆ ఏడాది మ్యూజిక్ కంపెనీలకు పట్టిన గతి గుర్తు చేసుకుంటే తప్ప ఈగల్స్ ఎత్తుగడ అర్థం కాదు. టవర్ రికార్డ్స్ దుకాణాలు అమెరికాలో 2006 చివరికి మూతపడ్డాయి. జులైలో ప్రిన్స్ తన కొత్త ఆల్బమ్‌ను బ్రిటన్‌లో ఒక ఆదివారం పత్రికతో పాటు ఉచితంగా పంచాడు. అక్టోబరు 10న బ్రిటిష్ రాక్ బృందం రేడియోహెడ్ తన కొత్త ఆల్బమ్ 'ఇన్ రెయిన్‌బోస్'ను నెట్‌లో పెట్టి, మీకు తోచినంత ఇవ్వండి అంది. అదే నెలలో మడోనా రికార్డు కంపెనీని వదిలి కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్‌తో ఒప్పందం చేసుకుంది. అక్టోబరు 30న ఈగల్స్ వాల్‌మార్ట్‌లోకి నడిచారు. నాలుగు దారులూ వేరు, వదిలించుకోవాలనుకున్నది మాత్రం ఒకరినే. పత్రికలు రేడియోహెడ్‌ను విప్లవకారులన్నాయి, ఈగల్స్‌ను ఎగతాళి చేశాయి. నాకు ఆ తేడా ఎప్పుడూ కొంచెం అన్యాయంగానే కనిపిస్తుంది. మధ్యవర్తిని తీసేయడమే విప్లవమైతే ఇద్దరూ ఒకే పని చేశారు. ఒకరి శ్రోతలు లాప్‌టాప్ ముందున్నారు, ఇంకొకరి శ్రోతలు షాపింగ్ ట్రాలీ తోస్తున్నారు, అంతే.

ట్రాలీ తోసేవాళ్ళ సంఖ్యను తక్కువగా చూడడానికి లేదు. అమెరికాలో దిగిన మన విద్యార్థులు మొదటి వారంలో రైస్ కుక్కరు, దుప్పట్లు కొనుక్కునే ఆ వాల్‌మార్టే ఆ దేశంలో అప్పటికి అతి పెద్ద మ్యూజిక్ షాపు కూడా. ఆపిల్ కంపెనీ ఆన్‌లైన్ పాటల దుకాణం ఐట్యూన్స్ దాన్ని దాటింది 2008లో. పాటలను ఒక్కొక్కటిగా డౌన్‌లోడ్ చేసుకునే పద్ధతి కుర్రకారులో పాకింది గానీ, 1976లో ఇరవై ఏళ్ళున్న మనిషికి 2007లో యాభై దాటాయి. ఆయనకు సీడీ కావాలి, అట్ట మీద బొమ్మ కావాలి, కారులో ప్లేయర్ ఉంది. మ్యూజిక్ షాపుకు వెళ్ళడం మానేసి చాలా కాలమైంది, వాల్‌మార్ట్‌కు మాత్రం వారం వారం వెళ్తాడు. ఇరవై పాటల రెండు డిస్కుల సెట్ 11.88 డాలర్లకు కనిపిస్తే ఆలోచించే పనేముంది?

ఈ లెక్క వాల్‌మార్ట్‌కూ తెలుసు. సీడీ మీద వచ్చే లాభం దానికి పెద్ద విషయం కాదు, సీడీ కోసం వచ్చినవాడు ఇంకా ఏమేం కొంటాడన్నది విషయం. ఇటు ఈగల్స్ అమెరికాలో ఈ ఆల్బమ్‌ను తమ సొంత లేబుల్ మీదే వేసుకున్నారు. మామూలుగా రికార్డు కంపెనీ ఖర్చులన్నీ మినహాయించుకుని కళాకారుడికి ధరలో కొద్ది శాతం రాయల్టీగా ఇస్తుంది. ఆ మెట్టు లేకపోతే కాపీ ఒక్కింటికి చేతికొచ్చేది ఎన్నో రెట్లు పెరుగుతుంది, ధర తగ్గించినా సరే. బేరం కుదరడానికి ఇంకో కారణం కూడా ఉంది. అశ్లీల పదాల హెచ్చరిక ముద్ర పడిన ఆల్బమ్‌లను వాల్‌మార్ట్ అప్పట్లో అమ్మేది కాదు. ఈగల్స్‌తో ఆ ఇబ్బంది రాలేదు. కుటుంబంతో వచ్చినవాడు మొహమాటం లేకుండా ట్రాలీలో వేసుకోగల రాక్ అది.

వాల్‌మార్ట్‌కూ ఈగల్స్‌కూ ఇంకా లోతైన చుట్టరికం కంట్రీ సంగీతం, అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన పాటల బాణీ ద్వారా ఉంది. డెబ్బైల్లో ఈగల్స్ వాయించిన, సగం రాక్ సగం కంట్రీ అనిపించే బాణీని రాక్ విమర్శకులు మరీ నున్నగా ఉందని చప్పరించేశారు. తొంభైల నాటికి కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరం మొత్తం అదే బాణీలో పాడుతోంది. 1993లో కంట్రీ గాయకులంతా ఈగల్స్ పాటలతో ఒక నివాళి ఆల్బమ్ చేస్తే అది విపరీతంగా అమ్ముడైంది. అందులో ఒక పాట వీడియో కోసం గాయకుడు ట్రావిస్ ట్రిట్ ఈగల్స్ పాత సభ్యులను ఒక చోటికి రప్పించడమే మరుసటి ఏడాది కలయికకు దారి తీసింది. 2007లో కొత్త ఆల్బమ్ విడుదలైన వెంటనే బృందం పాడింది కూడా కంట్రీ మ్యూజిక్ అవార్డుల వేదిక మీద. మొదటి సింగిల్ 'హౌ లాంగ్'కు వచ్చిన గ్రామీ కంట్రీ విభాగంలోదే. చిన్న ఊళ్ళు, పెద్ద పార్కింగ్ స్థలాలు, కంట్రీ రేడియో, వాల్‌మార్ట్. ఈ నాలుగూ అమెరికాలో ఒకే దారిలో ఉంటాయి. ఈగల్స్ తమ శ్రోతలు ఎక్కడున్నారో కచ్చితంగా తెలుసుకుని అక్కడికే వెళ్ళారు.

ఇంతకీ పాటలు ఎలా ఉన్నాయి? ఆ 'హౌ లాంగ్' సంగతే చూడండి. అది వాళ్ళ మిత్రుడు జె.డి. సౌథర్ 1972లో తన మొదటి ఆల్బమ్‌లో పాడుకున్న పాట, ఈగల్స్ కూడా ఆ రోజుల్లో కచేరీల్లో వాయించినదే. 28 ఏళ్ళ తర్వాత జనం ముందుకు తెచ్చిన మొదటి సరుకు 35 ఏళ్ళ నాటిదన్నమాట. తెలివైన పని. వినగానే 'ఇది ఈగల్సే' అనిపించాలి, కొత్తగా ఉందన్న టెన్షన్ ఉండకూడదు. మొదటి డిస్కు చాలావరకు ఆ హామీని నిలబెట్టుకోవడానికే ఉంది. ఫ్రే పాడిన ప్రేమ పాటల్లో రెండు మూడు తీసేసినా ఎవరికీ లోటు తెలియదు. ఇరవై పాటలు ఎక్కువే. పన్నెండుతో ఒక్క డిస్కు చేసి ఉంటే ఇది వాళ్ళ మంచి ఆల్బమ్‌లలో ఒకటయ్యేదని నా నమ్మకం. జాన్ హాలండర్ కవితను వాయిద్యాలు దాదాపు లేకుండా నలుగురి గొంతులతో పాడిన మొదటి పాట, హెన్లీ 'వెయిటింగ్ ఇన్ ది వీడ్స్', ఇరాక్ యుద్ధ కాలం ఎడారి నేపథ్యంలో పది నిమిషాలు సాగే టైటిల్ పాట. ఈ మూడింటిలోనూ వయసు వినిపిస్తుంది, దాన్ని దాచే ప్రయత్నం లేదు. డెబ్బైల్లో అమెరికా విలాసాన్ని లోపల నుంచి చూసి చెప్పినవాళ్ళు ఇక్కడ సామ్రాజ్యాన్ని లోపల నుంచి చూసి చెప్పారు.

రెండో డిస్కులో 'బిజినెస్ యాజ్ యూజువల్' అని కార్పొరేట్ దురాశ మీద ఒక పాట ఉంది. దాన్ని వాల్‌మార్ట్ అమ్మింది. హెన్లీ 1990లో, ప్రకృతి గురించి రాసిన 19వ శతాబ్దపు రచయిత థోరో నివసించిన వాల్డెన్ అడవుల రక్షణకు సంస్థ పెట్టిన మనిషి, 2000లో రికార్డు కంపెనీల మీద కళాకారుల కూటమి కట్టిన మనిషి. కార్మికుల జీతాల దగ్గర నుంచి చిన్న దుకాణాలను మింగడం దాకా ఎన్నో ఆరోపణలున్న చెయిన్‌తో ఆయన చేయి కలపడం సహజంగానే చాలామందికి మింగుడుపడలేదు. వాల్‌మార్ట్ పర్యావరణం విషయంలో మారుతోందని ఆయన సమర్థించుకున్నాడు. ఆ సమర్థన నాకు బలహీనంగానే తోస్తుంది. కానీ ఆయన పోరాటం మొదటినుంచీ రికార్డు కంపెనీతో, దుకాణంతో కాదు. కంపెనీ మీద గెలవడానికి దుకాణాన్ని తోడు తెచ్చుకున్నాడు. నష్టపోయింది ఆ రెండూ కాని మూడోవాళ్ళు. డెబ్బైల్లో ఈగల్స్ రికార్డులను అద్దాల్లో పెట్టి అమ్మిన చిన్న మ్యూజిక్ షాపులకు ఈ ఆల్బమ్ అందలేదు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది, దానికి ఈగల్స్ దగ్గర జవాబు లేదు.

అయితే అంతా దుకాణం మహిమే అనడానికీ వీల్లేదు. బ్రిటన్‌లో వాల్‌మార్ట్ ఒప్పందం లేదు, ఆల్బమ్ మామూలు రికార్డు కంపెనీ ద్వారా మామూలు షాపుల్లో వచ్చింది, అక్కడా మొదటి స్థానమే. మరుసటి ఏడాది ఇదే పద్ధతిని రెండు బృందాలు ప్రయత్నించాయి. ఏసీ/డీసీ ఎనిమిదేళ్ళ విరామం తర్వాత 'బ్లాక్ ఐస్'ను వాల్‌మార్ట్‌కే ఇచ్చి అమెరికాలో తొలి వారం 7 లక్షల 84 వేలు అమ్మింది, 29 దేశాల్లో మొదటి స్థానం కొట్టింది. గన్స్ ఎన్ రోజెస్ ఏళ్ళ తరబడి ఊరించిన 'చైనీస్ డెమోక్రసీ'ని బెస్ట్ బై చెయిన్‌కు ఇస్తే తొలి వారం 2 లక్షల 61 వేల దగ్గర ఆగింది, మూడో స్థానం. పాత సభ్యుల్లో గాయకుడు ఆక్సెల్ రోజ్ తప్ప అసలువాళ్ళు ఎవరూ లేని ఆల్బమ్ అది, పైగా పాత శబ్దాన్ని వదిలి ఎటో వెళ్ళింది. దుకాణం సరుకును కళ్ళ ముందు పెడుతుంది. పరిచయమైన సరుకు కాకపోతే చెయ్యి దానివైపు పోదు. సంగీతపరంగా ఆక్సెల్ రోజే ఎక్కువ సాహసం చేశాడన్నది వేరే మాట. తిరిగొచ్చిన బృందం నుంచి మార్కెట్ సాహసం కోరదు.

రెండు నెలల్లోనే అమెరికాలో 26 లక్షల కాపీలు పోయి, ఈగల్స్ ఆల్బమ్ 2007 అమ్మకాల్లో మూడో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత 7 సార్లు ప్లాటినం ముద్ర పడింది, ఒక్కో ముద్రకు లెక్క 10 లక్షలు. ఇక్కడ ఒక కిటుకుంది. రెండు డిస్కుల సెట్‌ను ఆ ముద్ర కోసం రెండుగా లెక్కిస్తారు, కాబట్టి అసలు సెట్లు 35 లక్షలు. మన సినిమా పోస్టర్ల మీది గ్రాస్ వసూళ్ళలాగే ప్లాటినం లెక్కలను కూడా కొంచెం విడదీసి చదువుకోవాలి. అలా చదివినా అది పెద్ద సంఖ్యే. 2023లో రోలింగ్ స్టోన్స్ 18 ఏళ్ళ తర్వాత సొంత పాటలతో 'హ్యాక్నీ డైమండ్స్' తెచ్చినప్పుడు, స్ట్రీమింగ్‌ను కూడా కలుపుకొని అమెరికాలో తొలి వారం లెక్క 1 లక్షా వెయ్యి. దాన్నీ విజయమనే అన్నారు, ఇప్పటి కొలతల్లో అది విజయమే కూడా. సీడీ కొనే అలవాటున్న చివరి తరం ఇంకా దుకాణాలకు వస్తున్న ఆ రెండు మూడేళ్ళ సందులో ఈగల్స్, ఏసీ/డీసీ దూరిపోయారు. తర్వాత వచ్చినవాళ్ళకు ఆ తలుపు లేదు.

గ్లెన్ ఫ్రే 2016 జనవరిలో చనిపోయాడు. ఆయన కొడుకు డీకన్, కంట్రీ గాయకుడు విన్స్ గిల్ చేరాక బృందం మళ్ళీ టూర్లు చేసింది, 2024 సెప్టెంబరు నుంచి లాస్ వెగాస్‌లోని స్ఫియర్ అనే భారీ గోళాకారపు హాలులోనూ వాయించింది. ఇంకో స్టూడియో ఆల్బమ్ మాత్రం రాలేదు. ఫ్రే ఉండగా చేసిన చివరి పెద్ద యాత్ర 2013 నుంచి 2015 దాకా సాగింది, బృందం చరిత్రను మొదటి నుంచి వరుసగా చెప్పుకుంటూ వాయించిన యాత్ర అది. ఆ వరుస తొలి రోజుల పాటలతో మొదలై, డెబ్బైల హిట్లన్నిటి మీదుగా 'హోటల్ కాలిఫోర్నియా' దాకా వెళ్ళేది. లక్షల ఇళ్ళలో డిస్కుగా ఉన్న 2007 ఆల్బమ్ నుంచి అందులో పాట లేదు, టికెట్ కొన్నవాళ్ళూ దాన్ని అడగలేదు.