పదో తరగతి పిల్లలకు ‘రెండు రూపాయల వడ్డీ’ లెక్క చెప్పాలి

పది పాసై ఎంపీసీలోనో బైపీసీలోనో చేరే పిల్లలకు ఆర్థికశాస్త్రం మళ్లీ క్లాసులో ఎదురుపడదు. సాంఘికశాస్త్రంలో భాగంగా చదివే ఆ కాసిని పాఠాలే వాళ్లకు ఆఖరివి. వాటిలో జీడీపీ నిర్వచనం కంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది అప్పు పాఠానికి.

రుణ షరతులంటే వడ్డీ రేటు, తాకట్టు, పత్రాలు, తిరిగి చెల్లించే పద్ధతి అని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చక్కగానే చెబుతుంది. పిల్లలు ఆ నాలుగూ అప్పజెబుతారు, మార్కులూ పడతాయి. కానీ ఊళ్లో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని ఎవరూ చెప్పరు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. బారువడ్డీ లెక్కలు గబగబా చేసేసే పిల్లవాడు కూడా ఇక్కడ రేటు 2 అని వేసి తప్పుతాడు. గణితం పుస్తకంలో కాలం ఏళ్లలో ఉంటుందనీ, ఊరి మాటలో నెలల్లో ఉంటుందనీ ఎవరూ విడమరచి చెప్పరు మరి.

రెండు పీరియడ్లు చాలు. మొదట బోర్డు మీద ఒక ఊహా ప్రామిసరీ నోటు రాయాలి: అసలు 50,000, వడ్డీ రెండు రూపాయలు. నెలకు వెయ్యి చొప్పున మూడేళ్లకు 36,000. నోటు మీద దావా వేసే గడువు మూడేళ్లే కాబట్టి, అది దాటకముందే వడ్డీ కలిపి 86,000కు నోటు తిరగరాయించుకుంటారు. మరో మూడేళ్లకు వడ్డీ 61,920, మొత్తం బాకీ 1,47,920. బారువడ్డీ అప్పు చక్రవడ్డీగా మారేది సరిగ్గా ఆ తిరగరాసిన రోజునే. అన్నట్టు, ‘మీ ఇంట్లో అప్పెంత’ అని మాత్రం ఏ పిల్లనీ క్లాసులో అడగకూడదు.

రెండో పీరియడ్ వాయిదాలకు. 12 శాతం ఫ్లాట్ వడ్డీకి, అంటే అసలు తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే లెక్కగట్టే వడ్డీకి, 10,000 తీసుకుంటే 12 నెలల్లో కట్టేది 11,200. వినడానికి 12 శాతమే. అయితే అసలు నెలనెలా 833 చొప్పున తగ్గుతుంటే ఏడాది పొడవునా సగటున చేతిలో ఉన్న అప్పు 5,417 మాత్రమే. దాని మీద 1,200 వడ్డీ అంటే 22 శాతం. ఈ భాగహారం పిల్లల చేతే చేయించాలి. చెబితే మరచిపోతారు.

ఆ తర్వాత పంట రుణం. మూడు లక్షల లోపు తీసుకుని గడువులో కట్టిన రైతుకు రాయితీ పోను 4 శాతమే పడుతుంది. 50,000కు ఏడాదికి 2,000. రెండు రూపాయల వడ్డీకైతే 12,000. మరి ఇంత తేడా ఉన్నా షావుకారు దగ్గరికి ఎందుకు వెళ్తున్నారు? కౌలు రైతు సాగు చేసే పొలానికి పాస్‌బుక్ భూయజమాని పేరున ఉంటుంది. రెండు లక్షల దాకా తాకట్టు అక్కర్లేదని 2025 జనవరి నుంచి నిబంధన ఉన్నా, అతను పత్రాల దగ్గరే ఆగిపోతాడు. పురుగుమందేమో ఈ వారమే కొట్టాలి.