రేవు లేని క్రూయిజ్ ఎవరి కోసం?

గోదావరి పర్యాటకం మీద ఏ ప్రకటన వచ్చినా ముందు కనిపించేది పడవే. ఎన్ని గదులు, ఎన్ని ఏసీలు, డెక్ మీద ఎంతమంది పడతారు. 2027 పుష్కరాలు దగ్గరపడుతున్నాయి. అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగింది. హౌస్‌బోట్లు, క్రూయిజ్‌లు అన్న మాటలు తరచూ చెవిన పడుతున్నాయి. ఆ పడవ ఎక్కడ ఆగుతుంది, ఎన్ని గంటలు ఆగుతుంది, దిగినవాళ్లు ఏ మెట్లెక్కి ఊళ్లోకి వెళ్తారు, తిరిగి ఎన్నింటికి ఎక్కాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. క్రూయిజ్‌కి వచ్చినవాళ్లకు గుర్తుండిపోయేవి ఒడ్డు మీద గడిపిన గంటలు. డెల్టా జనం చేతికి నాలుగు డబ్బులు వచ్చేదీ ఆ గంటల్లోనే. అందుకే ఖర్చు రేవు దగ్గర మొదలవ్వాలి. పడవ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

సముద్రం మీద క్రూయిజ్ ఎక్కినవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. ఉదయం ఎనిమిదికి ఓడ వస్తుంది, సాయంత్రం ఐదుకి బయల్దేరుతుంది అని షెడ్యూల్‌లో ఉంటే చేతిలో తొమ్మిది గంటలు ఉన్నట్టు కాదు. పోర్టు అధికారుల క్లియరెన్స్ వచ్చేదాకా ఎవరినీ దించరు. దానికి అరగంట పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. ఓడ జెట్టీకి ఆనుకుని ఉంటే బయల్దేరడానికి కనీసం అరగంట ముందు అందరూ లోపల ఉండాలి. లంగరు వేసి చిన్న టెండర్ బోట్లలో దించేచోట ఆఖరి బోటు దాదాపు గంట ముందే ఒడ్డు వదులుతుంది. పంక్చర్లకు, రైల్వే గేట్లకు, పెళ్లి ఊరేగింపులకు ఇంకో గంట పక్కన పెట్టాలి. రానూపోనూ రోడ్డుకి రెండు గంటలు, భోజనానికి గంట తీసేస్తే చూడటానికి మిగిలేది మూడు గంటలు. ఒడ్డు యాత్రను బయల్దేరే టైము నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వేసుకోవాలి. పొద్దున్నుంచి ముందుకు కట్టుకుంటూ పోతే మూడో చోటికి వచ్చేసరికి ప్లాన్ చెడిపోతుంది.

ఈ లెక్క వేసుకోకుండానే విశాఖలో దిగే ఓడల వాళ్లకు కోనసీమ ఒక్కరోజులో చూపిస్తామని చెప్పేవాళ్లున్నారు. విశాఖలో 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ మొదలైంది, మంచిదే. కానీ అక్కడి నుంచి ద్రాక్షారామం నూట యాభై కిలోమీటర్ల పైమాట. వెళ్లడానికి మూడు గంటలు దాటుతుంది, రావడానికీ అంతే. ఆ ప్యాకేజీ కొన్నవాళ్లు చూసేది జాతీయ రహదారిని. విశాఖలో దిగినవాళ్లు విశాఖ, సింహాచలం, భీమిలి చూసుకోవడమే సరైన పని. డెల్టాకు సముద్రం వైపు వాకిలి కాకినాడ. హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె అడ్డుగా ఉండబట్టి అక్కడి బే నెమ్మదిగా ఉంటుంది. లంగరు వేసిన ఓడలకు బార్జీల మీద సరుకు చేరవేసే పని అక్కడ ఎప్పటినుంచో ఉంది. డీప్ వాటర్ పోర్టు ఉన్నా దాని బెర్తులు సరుకు కోసం కట్టినవి. రేపు ఏ చిన్న క్రూయిజ్ ఓడ వచ్చినా జనాన్ని టెండర్ బోట్లలోనే దించాల్సి రావొచ్చు. అంటే బస్తాల మధ్య నుంచి కాకుండా మనుషులు మనుషుల్లా దిగే చోటొకటి కావాలి.

కాకినాడ నుంచి మూడు గంటల్లో ఏం చూడొచ్చు? కోరింగ మడ అడవులు, ద్రాక్షారామం, యానాం. మూడూ ఒకే దిక్కులో, దగ్గర దగ్గరగా ఉన్నాయి. అయినా మూడూ చూపించకూడదు. రెండు చాలు. ఏ రెండు, ఏది ముందు అన్నది తేల్చేవి గుడి తలుపులు, సముద్రపు పోటు.

మన గుళ్లలో మధ్యాహ్నం పన్నెండు దాటాక తలుపులు మూసి మళ్లీ మూడు, నాలుగు మధ్య తెరుస్తారు. ద్రాక్షారామం భీమేశ్వరుడి దర్శనానికి కింది గర్భగుడితో సరిపోదు, మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లాలి. మాణిక్యాంబ అమ్మవారి దర్శనం, ప్రాకారంలోని శాసనాలు కలుపుకుంటే గంటన్నర తప్పనిసరి. పదకొండున్నరకు అక్కడికి చేరిన బస్సు దర్శనం సగంలోనే వదిలి వెనక్కి రావాల్సిందే. కార్తీక సోమవారాల్లో, శివరాత్రినాడు ఈ గుడిని ఒడ్డు యాత్రలో అసలు పెట్టకూడదు. క్యూలోనే ఓడ టైము అయిపోతుంది.

కోరింగ సంగతి వేరు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పాటు దిగినప్పుడు పాయల్లో నీళ్లు తగ్గి పడవ ఇంజన్ పంకా బురదలో తిరుగుతుంది, పడవ అక్కడే కూర్చుంటుంది. పోటు ఎక్కేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. చెక్క వంతెన మీద నడిచి చూసేవాళ్లకు మాత్రం పాటే మేలు. బురదలోంచి పొడుచుకొచ్చిన మడ వేళ్లు, పీతలు, వాటి కోసం దిగిన కొంగలు అప్పుడే కనిపిస్తాయి. పోటు టైము రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. సోమవారం ఉదయం తొమ్మిదికి నిండుగా ఉన్న పాయ ఆదివారం అదే తొమ్మిదికి ఎండి ఉంటుంది. అమావాస్యకీ పున్నమికీ ఆ తేడా ఇంకా ఎక్కువ. కాబట్టి సీజన్ మొత్తానికి ఒకటే టైంటేబుల్ అచ్చువేసి బ్రోచర్‌లో పెట్టడం కుదరదు. ఉదయం పోటు ఉన్న రోజుల్లో ముందు కోరింగ పడవ, ఆ తర్వాత యానాం. ఉదయం పాటు ఉన్న రోజుల్లో తొమ్మిదిన్నరకల్లా ద్రాక్షారామం, మధ్యాహ్నం పోటుకి కోరింగ. పోటు పట్టికలు ఏడాది ముందే దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టుకుని ఒక మనిషి రెండు రోజులు కూర్చుంటే సీజన్‌లో ప్రతి తేదీకీ ఏ వరస పనికొస్తుందో రాసి పెట్టొచ్చు. భైరవపాలెం, తాళ్లరేవు మత్స్యకారులకు ఈ లెక్క నోటికి వచ్చు. ఒడ్డు యాత్రలు నడిపించే పని వాళ్లకు అప్పగించాలనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

యానాంకు ఇంకో చిక్కుంది. అది పుదుచ్చేరి. సరిహద్దు దాటి తిరిగొచ్చేటప్పుడు మద్యం కోసం ఎక్సైజ్ తనిఖీ ఉంటుంది. ఒక్క ప్రయాణికుడి సంచిలో సీసా దొరికినా బస్సంతా ఆగిపోతుంది. వాహనం పర్మిట్, పన్ను ముందే చూసుకోవాలి. అనుమతులు తేలకముందే టిక్కెట్లు అమ్మితే ఏమవుతుందో 2022 జూన్‌లో చూశాం. చెన్నై, విశాఖ, పుదుచ్చేరి కలుపుతూ తిరిగిన ఓడకు పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఆ రేవు చూద్దామని డబ్బు కట్టినవాళ్లకు సముద్రమే మిగిలింది.

ఇక నది మీదికి వద్దాం. పాపికొండల నుంచి అంతర్వేది దాకా ఒకే పడవలో వారం రోజులు అన్న ఆలోచన వినడానికి బాగుంటుంది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ ఉంది. దానికి ఎగువన ఏడాదంతా నీళ్లు నిలుస్తాయి. దిగువన గేట్లు మూశాక పెద్ద పాయల్లో కూడా ఇసుక మేటలు తేలతాయి, సముద్రం దగ్గరికి వెళ్తే ఉప్పు పోటు. ఇంత తేడా ఉన్న నీళ్లలో ఒకే పెద్ద పడవ పనికిరాదు. 2023లో వారణాసి నుంచి బయల్దేరిన గంగా విలాస్ 62 మీటర్ల పొడవున్నా నీళ్లలో మునిగేది 1.4 మీటర్లే. ఆ పడవకు కూడా బీహార్‌లో చిరాంద్ దగ్గర నది మధ్యలో లంగరు వేసి, జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. గోదావరి పాయల్లో పాతిక, ముప్పై మంది పట్టే, మీటరు లోపు మునిగే పడవలే నడుస్తాయి. పైగా జులై నుంచి సెప్టెంబర్ దాకా వరద. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే పది లక్షల క్యూసెక్కులు. అంతకు చాలా ముందే పడవలు కట్టేయాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉంది. అక్టోబర్, నవంబర్లలో తుపాన్లు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అన్నీ పోను పడవకు ఏడాదిలో నాలుగైదు నెలల పని. రేవు అలా కాదు, ఊరికి పన్నెండు నెలలూ పనికొస్తుంది.

మంచి రేవు కట్టడం బ్రహ్మవిద్య కాదు. కాంక్రీట్ మెట్లు కట్టి వదిలేస్తే తొలి వరదకే ఒండ్రు కప్పేస్తుంది, ఆ తర్వాత నాచు పట్టి జారుతుంది. నీటితోపాటు లేచి దిగే తేలే పంటు, అంటే పడవ ఆనుకునే వేదిక, దాన్ని గట్టుకు కలిపే చువ్వల వంతెన కావాలి. వంతెన వాలు పన్నెండడుగులకు ఒక అడుగు మించకుండా చూస్తే చక్రాల కుర్చీ కూడా దిగుతుంది. పడవ ఏటికి ఎదురుగా ముక్కు పెట్టి రేవు పట్టాలి. వాలునీళ్లతో వచ్చి పట్టబోతే వెనకభాగం తిరిగిపోయి పంటును గుద్దుతుంది. ఒడ్డు కనబడగానే అందరూ ఒకవైపుకు లేచొస్తే పడవ ఒరుగుతుంది, కాబట్టి పదేసి మందిని పిలిచి దించాలి. లైఫ్ జాకెట్ పడవెక్కాక కాదు, పంటు మీదే వేసి బకిల్ పెట్టాలి. నీడ, మంచినీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, దీపం, ఎక్కినవాళ్లనూ దిగినవాళ్లనూ రాసే రిజిస్టరు. ఇంతే.

అలాంటి రేవు ఉంటే ఒడ్డు మీద ఏం చేయాలో డెల్టా ఊళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్క లాగు, క్షణాల్లో రేకు. ఆ పాకలో పొగ, వేడి ఉంటాయి, పది పన్నెండు మందికి మించి పట్టరు. నలభై మందిని ఒకేసారి తోస్తే ఎవరికీ ఏమీ కనపడదు, పని కూడా ఆగిపోతుంది. నాలుగు గుంపులు చేయాలి: ఒకటి పూతరేకుల దగ్గర, ఒకటి లొల్ల లాకుల దగ్గర, ఒకటి కొబ్బరితోటలో, ఒకటి ర్యాలి గుళ్లో. ముప్పావుగంటకోసారి మారాలి. ర్యాలి వంతు ఏ గుంపుకీ పన్నెండు దాటకూడదు, గుడి తలుపుల గొడవ ఇక్కడా ఉంది. పూతరేకులు కొన్నవాళ్లకు గట్టి డబ్బా ఇవ్వాలి, కవర్లో పెడితే క్యాబిన్ చేరేసరికి పొడే మిగులుతుంది.

సొంతంగా ఆటో మాట్లాడుకుని తిరగాలా, ఓడవాళ్ల యాత్ర కొనాలా అని ప్రయాణికులు అడుగుతుంటారు. ఓడవాళ్ల యాత్ర ఖరీదు ఎక్కువ, కానీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగకపోతే తర్వాతి రేవుకు పంపే బాధ్యత వాళ్లదే. సొంతంగా తిరిగితే చవక, ఓడ తప్పితే ఖర్చు మనదే. డెల్టాలో ఈ రెంటినీ కలపొచ్చు. టిక్కెట్టు పడవవాళ్లు అమ్మాలి, యాత్ర నడిపేది ఊరి డ్వాక్రా సంఘమో, మత్స్యకారుల సొసైటీయో కావాలి. తలకింత అని డబ్బు రేవులోనే చేతికివ్వాలి. డబ్బంతా నగరంలో ఉండే ఏజెంటు చేతిలోంచి నడిస్తే ఊరికి టీ డబ్బులే మిగులుతాయి.

ముందు పడవలు రావాలి, జనం వస్తే రేవులు వాటంతటవే వస్తాయి, కేరళలో అలాగే జరిగింది కదా అనేవాళ్లున్నారు. అలప్పుళలో హౌస్‌బోట్లకు చాలా ముందునుంచే జెట్టీలున్నాయి. బడిపిల్లలు, కూలీలు, ఉద్యోగులు రోజూ ఎక్కే ప్రభుత్వ పడవల కోసం కట్టినవి అవి. కేరళ రాష్ట్ర జలరవాణా శాఖ 1968 నుంచి ఆ పడవలు నడుపుతోంది. పర్యాటకులు తర్వాత వచ్చారు, ఉన్న రేవులనే వాడుకున్నారు.

మనకూ అది ఉండేది. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాక తవ్విన కాలువలు పొలాలకు ఎంతో, పడవలకూ అంతే. లాకులు కట్టింది అందుకే. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ మీద ధాన్యమూ మనుషులూ తిరిగారు. 2008లో ఈ కాలువలను, గోదావరిని కలిపి నాలుగో జాతీయ జలమార్గం అన్నారు. ఇవాళ కాలువ నిండా గుర్రపు డెక్క, చెరువుల మురుగు, ప్లాస్టిక్, పడవ పైకప్పుకు తగిలేంత కిందికి కట్టిన వంతెనలు. వారధి వచ్చిన ప్రతిచోటా రేవును వదిలేశారు. వారధి లేని చోట, నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య ఏరు దాటించే పంటు పడవ ఎక్కే జనానికి నీడా సరైన మెట్లూ ఇవ్వాలన్న ఆలోచన రాని వ్యవస్థ, వారానికి ముప్పై మంది అతిథుల కోసం మంచి రేవు కట్టి నిలబెడుతుందంటే నమ్మలేం. రోజూ దాటేవాళ్లు వాడే రేవుకే రోజూ మరమ్మతు జరుగుతుంది, పాడైతే అడిగే గొంతు అక్కడ ఉంటుంది.

కోటిపల్లితో మొదలుపెట్టొచ్చు. గౌతమి ఒడ్డున సోమేశ్వరుడి గుడి రేవు పక్కనే ఉంది, ద్రాక్షారామం దగ్గర్లోనే, పంటు పడవలో ఏరు దాటితే ముక్తేశ్వరం, అక్కడి నుంచి అయినవిల్లి వినాయకుడు. కాకినాడ నుంచి రైలు పట్టాలు కోటిపల్లి దాకా ఉన్నాయి. పుష్కరాలకు ఎలాగూ అక్కడ ఘాట్ల మీద డబ్బు పోస్తారు. ఆ అంచనాల్లోనే రెండు తేలే పంట్లు, రెండు ఒడ్డులకూ చువ్వల వంతెనలు, మరుగుదొడ్లు, ఏడాది పొడవునా జీతమిచ్చే ఇద్దరు రేవు మనుషులు, మూడేళ్ల నిర్వహణ ఖర్చు ఇప్పుడే రాయించాలి. పడవల టెండరు ఆ రేవు మీద ఒక వరద దాటాక పిలవాలి.