రంగు తక్కువ కాదు, ఎక్కువ

కేరళ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉండగా శారదా మురళీధరన్ 2025 మార్చిలో ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు చాలామందికి గుర్తుండే ఉంటుంది. తన కంటే ముందు అదే కుర్చీలో కూర్చున్న భర్త పాలన ఎంత తెల్లగా ఉందో, తన పాలన అంత నల్లగా ఉందని ఎవరో అన్నారని ఆమె రాశారు. దాని మీద టీవీ చర్చలన్నీ అయిపోయాయి. నన్ను పట్టేసింది అదే పోస్టులోని ఇంకో సంగతి. నాలుగేళ్ల వయసులో ఆమె తల్లిని అడిగారట, తనను మళ్లీ కడుపులో పెట్టుకుని ఈసారి తెల్లగా, అందంగా కనమని.

ఆ ప్రశ్న ఏ ప్రకటన చూసి పుట్టింది? లెక్క వేసి చూడండి. ఆమె 2025 ఏప్రిల్ చివర్లో 60 ఏళ్లకు రిటైరయ్యారు. అంటే ఆ నాలుగేళ్ల వయసు 1969 ప్రాంతంలోది. ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చింది 1975లో. కేరళలో అప్పటికి టీవీయే లేదు. క్రీమ్ లేదు, యాడ్ లేదు, ఫోన్ ఫిల్టర్ లేదు. అయినా ఆ పసిపిల్లకు తాను తప్పుగా పుట్టానని తెలిసిపోయింది. ఇంట్లోనో ఇరుగుపొరుగులోనో పెద్దవాళ్ల నోటి నుంచే అది చెవిన పడి ఉండాలి.

అందుకే "నిన్ను నువ్వు ప్రేమించుకో, అందం మనసులో ఉంటుంది" అని ఆడపిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లతో నాకు పేచీ. పిల్లను రోజూ తక్కెడలో వేసి తూచేది మనం. దిగులు పడకుండా ఉండే పని మాత్రం ఆ పిల్లదా?

తక్కెడ అని ఊరికే అనలేదు. నలుపును మనం నిజంగానే కొలుస్తాం. "పిల్ల లక్షణంగా ఉంది, కాస్త రంగు తక్కువ" అంటాం. ఎండన పడి తిరిగొస్తే "రంగు తగ్గావేంటే" అంటాం. హాస్టల్ నుంచి సెలవులకొస్తే "నీళ్లు మారాయి, రంగొచ్చింది" అంటాం. అంటే మన లెక్కలో రంగంటే తెలుపు ఒక్కటే. నలుపంటే రంగు చాలకపోవడం, కూరలో ఉప్పు చాలనట్టు. శాస్త్రం చూస్తే ఇది సరిగ్గా తలకిందులు. చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్లకైనా నల్లవాళ్లకైనా ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. నల్లటి ఒంట్లో అవి మెలనిన్‌ను ఎక్కువగా చేస్తాయి, ఆ మెలనినే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అడ్డు నిలుస్తుంది. రంగు తక్కువగా ఉన్నది తెల్లటి చర్మంలో. రంగు ఎక్కువున్న పిల్లను పట్టుకుని తరతరాలుగా మనం తక్కువ అంటున్నాం.

ఓదార్చే మాటలూ ఇంతే. "నలుపు నారాయణ మెచ్చు" అంటారు. దేవుడు మెచ్చేదాకా ఎందుకు ఆగాలి, పక్కింటివాళ్లు మెచ్చకూడదా? "ఆవు నలుపైతే పాలు నలుపా" అంటారు. అక్కడా ఆవు గట్టెక్కింది పాలు తెల్లగా ఉన్నందుకే. "ముఖంలో కళ ఉంది" అన్న మాట కూడా "రంగు లేకపోయినా" తర్వాతే వినిపిస్తుంది. నా చిన్నప్పుడు ఇవన్నీ నాకూ చెప్పారు, ఎంతో ప్రేమగా చెప్పారు. విన్న ప్రతిసారీ నాలో ఏదో లోపం ఉందని ఇంకాస్త గట్టిగా నమ్మాను.

మార్పేమీ రాలేదని అనను. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, ఓడిపోయినట్టుగా చూపించొద్దని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలిచ్చింది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసుల చేతిలో హతమయ్యాక ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. షాదీ డాట్ కామ్ రంగును బట్టి వెతికే ఫిల్టర్‌ను తీసేసింది. మంచిదే. కానీ ఫిల్టర్ మన నాలుక మీద ఉంది.

ఆ నాలుక ఆడపిల్లను ఎక్కడికి పంపుతుందో మెడికల్ షాపు దగ్గర చూడండి. స్టెరాయిడ్లున్న క్రీములు కొన్నింటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది. అయినా "తెల్లబడే ట్యూబ్" అని అడిగితే చాలాచోట్ల చేతికొస్తుంది. కొన్నాళ్లు మొహం తేటగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి రక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమలొస్తాయి, మొహం మీద వెంట్రుకలొస్తాయి. రాయడం మానేస్తే భగ్గున మంట. ఆ మంట తట్టుకోలేక మళ్లీ అదే ట్యూబ్.

ఎవరిష్టం వారిది కదా, లిప్‌స్టిక్‌కు లేని గొడవ దీనికెందుకు అని అడిగేవాళ్లున్నారు. లిప్‌స్టిక్ వేసుకోకపోతే సంబంధం తప్పిపోతుందని ఏ అమ్మాయినీ ఎవరూ భయపెట్టరు. రంగు పేరు చెప్పి కట్నం పెంచే చోట ఇష్టం అనే మాటకు తావు లేదు.

నా అసలు బాధ తెలుగు గురించి. నలుపును ఇంత గొప్పగా చూసిన భాష ఇది. పత్తి వేసే రైతు నల్లరేగడి అంటే మురిసిపోతాడు. సింగరేణి బొగ్గు మనకు నల్లబంగారం. తిరుమల మూలవిరాట్టు నల్లటి శిల. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఆమె మేనిరంగును బట్టి వచ్చిందే. మనుషుల కోసం చామనచాయ అనే ఎంత చక్కటి మాట ఉంది! దాన్ని ఇప్పుడు నోరు తిరిగినా అనం. పెళ్లి బయోడేటాల్లో 'వీటిష్', అంటే గోధుమరంగు, అని రాస్తున్నాం, గోధుమ చేను ఎప్పుడూ చూడని ఊళ్లలో, రెండు పూటలా అన్నమే తినే ఇళ్లలో. సొంత మాట పోగొట్టుకుని అరువు మాటతో సొంత బిడ్డను వర్ణిస్తున్నాం.

పోయిన ఏడాది మా మేనకోడలికి సంబంధాలు చూస్తూ ఫోటో తీయించడానికి స్టూడియోకి వెళ్లాం. తీశాక కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని, మేం అడక్కుండానే మౌస్ జరిపాడు. మొహం తెల్లబడింది, మెడ తెల్లబడింది. ఒళ్లో పెట్టుకున్న చేతులు, ఆకుపచ్చ గాజులతో, అలాగే ఉండిపోయాయి. తల ఒకరిది, చేతులు ఇంకొకరివి అన్నట్టుంది. "చేతులు కూడా సెట్ చేసేస్తా మేడమ్" అన్నాడు. మేనకోడలు కాసేపు స్క్రీన్ వైపే చూసి, "వద్దన్నా, మొదటిదే ప్రింట్ తీయండి" అంది.

ఇంటికొచ్చి, మా వదిన రాయించిన బయోడేటా తెరిచి 'వీటిష్' తీసేసింది. చామనచాయ అని కొడుతుందనుకున్నాను. 'నలుపు' అని కొట్టింది. వదిన రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు వాళ్ల పెద్దమ్మకు వాట్సాప్‌లో పంపింది, ఆ ఫోటో, ఆ బయోడేటా, ఒక్క అక్షరం మార్చకుండా.