ఫాల్‌లో క్రాన్‌బెర్రీ కంటే వంకాయే ఎందుకు మిగులుస్తుంది: స్టార్‌డ్యూ వ్యాలీ లాభాల జాబితాకు ఖండన

పొలం సాగుచేసే వీడియో గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో వచ్చింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఇప్పటికీ ఒకే సలహా చేతులు మారుతోంది. "స్ప్రింగ్‌లో స్ట్రాబెర్రీ, సమ్మర్‌లో బ్లూబెర్రీ, ఫాల్‌లో క్రాన్‌బెర్రీ, గ్రీన్‌హౌస్ రాగానే ఏన్షియంట్ ఫ్రూట్. రోజుకు ఎన్ని గోల్డ్ వస్తాయో లెక్కేస్తే పైన ఉండేవి ఇవే. పండినదంతా కెగ్‌లో వేయండి, మూడింతలవుతుంది. మిగతా పంటలు దండగ."

ఈ సలహాలో అంకెలు తప్పు కావు. అవి ఏ ప్రశ్నకు జవాబో చెప్పకపోవడం తప్పు. "రోజుకు గోల్డ్" అంటే ఒక గడి నేల మీద వచ్చే మిగులు. నేల చాలనివాళ్లకు ఆ లెక్క పనికొస్తుంది. మొదటి ఏడాది ఎవరికీ నేల కొరత ఉండదు, పొలమంతా బీడుగానే పడి ఉంటుంది. చేతిలో డబ్బు చాలదు, నీళ్లు పెట్టడానికి ఎనర్జీ చాలదు. కొన్నాళ్లకు స్ప్రింక్లర్లు చాలవు, ఆ తర్వాత పంటను వైన్, జెల్లీ చేసే కెగ్‌లు, జార్‌లు చాలవు. కొరత మారినప్పుడల్లా లాభసాటి పంట కూడా మారుతుంది.

కింది లెక్కలన్నీ మామూలు నాణ్యత పంటకు, ఎరువు లేకుండా, వృత్తి బోనస్ (లెవెల్ పెరిగితే వచ్చే అదనపు ధర) కలపకుండా, ఊళ్లో విత్తనాలమ్మే పియర్ కొట్టు ధరలతో వేసినవి. ఆటలో సీజన్‌కు 28 రోజులు. నాటిన తేదీ వేరే చెప్పకపోతే 1వ తేదీ అనుకోండి.

"ఫాల్‌లో క్రాన్‌బెర్రీని మించింది లేదు"

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే మొదట దీన్ని తీసుకుందాం. క్రాన్‌బెర్రీ విత్తనం 240 గోల్డ్. 7 రోజులకు తొలి కాపు, ఆపైన 5 రోజులకోసారి, కోతకు 2 కాయలు, కాయ 75. 8, 13, 18, 23, 28 తేదీల్లో ఐదు కోతలకు 750 వస్తే విత్తనం పోను 510 మిగులు. గుమ్మడి విత్తనం 100, 13 రోజులు, కాయ 320. రెండు పంటలకు 440 మిగులు. ద్రాక్ష విత్తనం 60, 10 రోజులకు తొలి కాపు, ఆపైన 3 రోజులకోసారి, పండు 80. ఆరు కోతలకు 420. వంకాయ విత్తనం 20, 5 రోజులకు తొలి కాపు, మళ్లీ 5 రోజులకోసారి, కాయ 60. ఐదు కోతలకు 280.

గడికి ఎంత అని చూస్తే 510, 440, 420, 280. జాబితా చెప్పే వరస ఇదే.

ఇప్పుడు చేతిలో 2,400 గోల్డ్‌తో ఫాల్ మొదలుపెట్టారనుకోండి. ఆ డబ్బుకు క్రాన్‌బెర్రీ మొక్కలు 10 వస్తాయి, మిగులు 5,100. గుమ్మడి 24, మిగులు 10,560. ద్రాక్ష 40, మిగులు 16,800. వంకాయ 120, మిగులు 33,600. వరస పూర్తిగా తలకిందులైంది. క్రాన్‌బెర్రీ తరఫున ఒక వాదన వినిపిస్తుంది, "మొదటి కోత డబ్బుతో మళ్లీ విత్తనాలు కొంటాం కదా" అని. కొనండి. 8న వచ్చే 1,500తో 6 మొక్కలు నాటితే 15, 20, 25 తేదీల్లో మూడు కోతలు, మొక్కకు 210 మిగులు. 13న మరో 6 నాటితే రెండే కోతలు, మొక్కకు 60. ఈ రెండు నాట్లూ కలిపినా 6,720. అసలు ఆ 240 వెనక్కి రావడానికే 13వ తేదీ దాకా ఆగాలి. వంకాయ మొదటి కోతకే, 6వ తేదీన, మూడింతలు తిరిగిస్తుంది.

120 వంకాయ మొక్కలకు చేత్తో నీళ్లు పెట్టడం మాత్రం తేలిక కాదు. నీళ్లు పెట్టే ప్రతి గడికీ 2 ఎనర్జీ, ఫార్మింగ్ లెవెల్ పెరిగేకొద్దీ కాస్త తగ్గుతుంది. ఆట మొదట్లో మీకుండేది 270. కాబట్టి మధ్యేమార్గంగా 60 వంకాయ, 20 ద్రాక్ష నాటండి. ఖర్చు అదే 2,400, నీళ్లు 80 గడులకు, మిగులు 25,200. 6వ తేదీన వంకాయ మొదటి కోత 3,600 ఇస్తుంది. క్రాన్‌బెర్రీ కొనాల్సింది అప్పుడు. 6న నాటితే 13, 18, 23, 28 తేదీల్లో నాలుగు కోతలు, మొక్కకు 360 మిగులు. 16 దాటాక క్రాన్‌బెర్రీ నాటితే ఒక్క కోతే వస్తుంది, 240 పెట్టి 150 తీసుకున్నట్టు.

ద్రాక్ష పందిరి పంట కాబట్టి దాని గుండా నడవలేరు. మూడు వరసలు ఆనించి వేస్తే నడి వరస చేతికందదు. రెండు వరసలకు ఒక దారి వదలండి.

గుమ్మడి వేసేవాళ్లు తేదీల దగ్గర బోల్తా పడతారు. 14న కోసి అదే రోజు, మరీ ఆలస్యమైతే 15న, మళ్లీ నాటాలి. 16న నాటితే 29న కాయాలి, ఆ తేదీ ఈ క్యాలెండర్‌లో లేదు. 14న కోసిన కాయల్ని షిప్పింగ్ బిన్‌లో వేస్తే డబ్బు మర్నాడు వస్తుంది. విత్తనాలకు అదే రోజు కావాలంటే కొన్ని కాయలు నేరుగా పియర్‌కే అమ్మేయండి. పియర్ కొట్టు బుధవారం మూత, ప్రతి నెలా 3, 10, 17, 24 తేదీలు.

"స్ప్రింగ్ డబ్బంతా స్ట్రాబెర్రీ కోసం దాచండి"

స్ట్రాబెర్రీ విత్తనం 13వ తేదీ ఎగ్ ఫెస్టివల్‌లో 100కు దొరుకుతుంది. 8 రోజులకు తొలి కాపు, ఆపైన 4 రోజులకోసారి, పండు 120. 13న నాటితే 21, 25 తేదీల్లో రెండే కోతలు, మిగులు 140. అదే తేదీన బంగాళాదుంప నాటితే 19న, 25న రెండు పంటలు. విత్తనం 50, దుంప 80, దానికి తోడు అదనపు దుంప వచ్చే అవకాశం 25 శాతం. సగటున పంటకు 100 అనుకుంటే 50 పెట్టుబడి మీద 100 మిగులుతుంది. పెట్టిన గోల్డ్‌కు రాబడి బంగాళాదుంపదే ఎక్కువ. పైగా దుంపలకు 13 దాకా ఆగే పనిలేదు. 1 నుంచి 12 దాకా డబ్బు పెట్టెలో పెట్టుకుని కూర్చుంటే ఆ పన్నెండు రోజుల్లో రెండు దుంప పంటలు పోయినట్టే.

ఫెస్టివల్ అయ్యాక రాత్రి 10కి ఇల్లు చేరి, 2 గంటల దాకా చీకట్లో నాటేవాళ్లు చాలామంది. ఆ తొందర అక్కర్లేదు. 14న నాటితే 22, 26. 15న నాటితే 23, 27. 16న నాటినా 24, 28. ఎప్పుడైనా రెండు కోతలే. 13 రాత్రికి విలువ వచ్చేది స్పీడ్-గ్రో (ఎదుగుదల వేగం పెంచే ఎరువు) వాడితేనే. దానితో 8 రోజులు 7 అయి, 20, 24, 28 మూడు కోతలు వస్తాయి. పియర్ దగ్గర స్పీడ్-గ్రో 100, మూడో కోత 120, కొని వాడితే మిగిలేది 20. సొంతంగా తయారుచేసుకున్నది ఉంటేనే వాడండి. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. స్పీడ్-గ్రో తొలి కాపును మాత్రమే ముందుకు తెస్తుంది, ఆ తర్వాత కోతల మధ్య గడువును తగ్గించదు.

స్ట్రాబెర్రీ నిజంగా గెలిచేది రెండో ఏడాది. విత్తనం పాడవదు. ఫెస్టివల్‌లో కొని పెట్టెలో ఉంచి, వచ్చే స్ప్రింగ్ 1న నాటితే 9, 13, 17, 21, 25 తేదీల్లో ఐదు కోతలు, 100కు 600. అయితే ఏడాది పాటు కదలని డబ్బు అది. నాటే పంటలకు పోగా చేతిలో మిగిలిన దానితోనే కొనండి.

"సమ్మర్‌లో బ్లూబెర్రీ"

ఇది చాలావరకు నిజమే. విత్తనం 80, నాలుగు కోతలు, కోతకు 3 చొప్పున 12 కాయలు, ఒక్కోటి 50. మిగులు 520. మెలన్ రెండు పంటలకు 340. పచ్చిగా అమ్మేటట్టయితే పియర్ అమ్మే పంటల్లో బ్లూబెర్రీకి పోటీ లేదు. మెషీన్లు చేరాక కథ మారుతుంది, అది కెగ్ లెక్కలో వస్తుంది.

"రెండు సీజన్లు కాస్తుంది కాబట్టి మొక్కజొన్న లాభం" అనే మాట కూడా ఈ సలహా పక్కనే తిరుగుతుంది. విత్తనం 150, సమ్మర్ 1న నాటితే ఫాల్ చివరికి 11 కోతలు, ఒక్కోటి 50. మొత్తం మిగులు 400, అదీ 56 రోజులకు. అదే గడిలో బ్లూబెర్రీ, ఆ తర్వాత క్రాన్‌బెర్రీ వేస్తే 1,030.

"పండినదంతా కెగ్‌లో వేయండి"

కెగ్ పండును మూడింతల ధరకు వైన్ చేస్తుంది. ప్రిజర్వ్స్ జార్ రెండింతలు చేసి పైన 50 కలుపుతుంది. మూడింతలు అనగానే కెగ్ గొప్పదనిపిస్తుంది. బ్లూబెర్రీతో చూడండి. వైన్ 150, జెల్లీ కూడా 150. వైన్‌కు వారం, జెల్లీకి రెండున్నర రోజులు. బ్లూబెర్రీని కెగ్‌లో వేస్తే ఒక్క గోల్డ్ కూడా ఎక్కువ రాదు, మెషీన్ మాత్రం వారం పాటు ఇరుక్కుపోతుంది.

ఖరీదైన పండుకైనా చూడాల్సింది మెషీన్ రోజుకు కలిపే విలువ. రోజూ పొద్దున ఒక్కసారే మెషీన్ల దగ్గరకు వెళ్తారనుకుంటే వైన్ 7 రోజులు, జెల్లీ 3 రోజులు. 250 విలువ చేసే మెలన్‌కు కెగ్ 500 కలుపుతుంది, రోజుకు 71. జార్ 300 కలుపుతుంది, రోజుకు 100. 750 పలికే స్టార్‌ఫ్రూట్‌కు కెగ్ రోజుకు 214, జార్ 267. పండ్లు గుట్టలుగా ఉండి మెషీన్లు చాలకపోతే జార్‌దే పైచేయి. మెషీన్లు ఖాళీగా ఉండి పండ్లు చాలకపోతే కెగ్. పైగా జార్ ఫార్మింగ్ 4వ లెవెల్‌కే వస్తుంది, 50 కలప, 40 రాయి, 8 బొగ్గు చాలు. కెగ్ 8వ లెవెల్‌లో వస్తుంది, దానికి ఓక్ రెసిన్ కావాలి.

ఉన్న కొద్ది కెగ్‌లనూ మొదట ఇవ్వాల్సింది హాప్స్‌కు. పచ్చి హాప్స్ 25 మాత్రమే, అందుకే జాబితాల్లో అడుగున కనిపిస్తుంది. కెగ్‌లో ఒకటిన్నర రోజులో 300 పలికే పేల్ ఏల్ బీరు అవుతుంది. రెండు రోజులకోసారి నింపినా కెగ్‌కు రోజుకు 137 కలుస్తాయి, మెలన్ వైన్‌కు దాదాపు రెట్టింపు. విత్తనం 60, సమ్మర్ 12 నుంచి 28 దాకా రోజూ కోత, మొక్కకు 17 కాయలు. కోసినవి కోసినట్టే కెగ్‌లో వేయాలంటే మొక్కకు రెండు కెగ్‌లు కావాలి. అన్ని లేకపోతే పెట్టెలో దాచండి, చెడవు. వింటర్‌లో పొలం పని ఉండదు, ఒక్కో కెగ్ ఆ 28 రోజుల్లో 14 పేల్ ఏల్‌లు తీస్తుంది. హాప్స్ కూడా పందిరి పంటే, ద్రాక్షకు చెప్పిన దారే దీనికీ.

కూరగాయలకు కెగ్ ఇచ్చేది 2.25 రెట్లే. 200 గోల్డ్ లోపు కూరగాయకు జార్ పచ్చడే ఎక్కువ పలుకుతుంది, గడువు కూడా తక్కువ. గుమ్మడికి జ్యూస్ 720, పచ్చడి 690. ఆ 30 కోసం కెగ్‌ను నాలుగు రోజులు కట్టేయొద్దు.

మెషీన్ పండు నాణ్యతను పట్టించుకోదు. గోల్డ్ స్టార్ మెలన్ పచ్చిగా 375కు అమ్ముడవుతుంది, మామూలుది 250కు. రెండింటి వైన్ 750 మాత్రమే. స్టార్ ఉన్నవి అమ్మి, లేనివి మెషీన్‌లో వేయండి.

"గ్రీన్‌హౌస్ రాగానే ఏన్షియంట్ ఫ్రూట్"

గ్రీన్‌హౌస్ నిండాక ఇదే సరైన పంట. గడికి రోజుకు వైన్ లెక్కన 235. స్టార్‌ఫ్రూట్‌కు 400 విత్తనం పోను, 13 రోజులకు పంచితే 142. "పండు ధర ఎక్కువ కాబట్టి స్టార్‌ఫ్రూటే" అనేవాళ్లు ఈ గడువును మరిచిపోతారు.

తప్పంతా "రాగానే" అన్న మాటలో ఉంది. తవ్వకాల్లో దొరికే ఏన్షియంట్ సీడ్ అనే పాత విత్తనాన్ని మ్యూజియానికి ఇస్తే నాటే విత్తనం ఒకటే చేతికొస్తుంది. తొలి పండుకు 28 రోజులు, ఆపైన వారానికొకటి. సీడ్ మేకర్‌లో వేస్తే మామూలుగా 1 నుంచి 3 విత్తనాలు. 120 గడులు నిండడానికి నెలలు పడుతుంది. అందాకా మిగతా గడుల్ని ఖాళీగా వదలొద్దు. బ్లూబెర్రీ నాటండి, గ్రీన్‌హౌస్‌లో చావదు, నాలుగు రోజులకోసారి 150 ఇస్తుంది. ఏన్షియంట్ విత్తనాలు వచ్చేకొద్దీ ఒక్కో మొక్క తీసేయండి.

కెగ్‌లకూ ముందే సన్నాహం కావాలి. స్ప్రింక్లర్లు కొన్ని గడులు తిన్నా వారానికి 110కి పైగా పండ్లు దిగుతాయి. 110 కెగ్‌లంటే 3,300 కలప, 110 రాగి కడ్డీలు, 110 ఇనుప కడ్డీలు, 110 ఓక్ రెసిన్. చివరికి అడ్డుపడేది రెసిన్. ట్యాపర్ (చెట్టు జిగురు తీసే పరికరం) పెట్టిన ఓక్ చెట్టు వారానికి ఒకటి ఇస్తుంది. 20 చెట్లకు ట్యాపర్లు పెట్టుకున్నా ఆరు వారాలు. తొలి ఏన్షియంట్ విత్తనం నాటిన రోజే ఓక్ చెట్లకు కూడా ట్యాపర్లు పెట్టాలి.

స్టార్‌ఫ్రూట్‌కు తగిన చోటు బయటి పొలం, సమ్మర్. ఇంటి కింద సెల్లార్‌తో పాటు వచ్చే 33 క్యాస్క్‌లలో 56 రోజులుంచితే వైన్ ధర రెట్టింపవుతుంది. స్టార్‌ఫ్రూట్ వైన్ 4,500, ఏన్షియంట్ 3,300. 17 మొక్కలు రెండు పంటలకు 34 పండ్లు ఇస్తాయి, క్యాస్క్‌లన్నీ నిండుతాయి, గ్రీన్‌హౌస్‌లో ఒక్క గడి కూడా పోదు.

"మిగతా పంటలు దండగ"

గ్రీన్‌హౌస్ తెరుచుకునేదే ఆ పంటలతో. కమ్యూనిటీ సెంటర్ ప్యాంట్రీలో మామూలు బండిల్స్‌కు (అడిగిన సరుకులు ఇచ్చి పూర్తిచేసే జాబితాలకు) స్ప్రింగ్‌లో పార్స్‌నిప్, గ్రీన్ బీన్, కాలీఫ్లవర్, బంగాళాదుంప కావాలి. సమ్మర్‌లో టమాటా, మిరప, బ్లూబెర్రీ, మెలన్. ఫాల్‌లో మొక్కజొన్న, వంకాయ, గుమ్మడి, యామ్. ఇవి కాక గోల్డ్ స్టార్ పార్స్‌నిప్, మెలన్, గుమ్మడి, మొక్కజొన్నల్లో ఏవైనా మూడు రకాలు, రకానికి 5. ఒక్క కాలీఫ్లవర్ మరిచిపోతే ఆ బండిల్ వచ్చే స్ప్రింగ్ దాకా ఆగవచ్చు, దానితో పాటు గ్రీన్‌హౌస్ కూడా. ప్రతి సీజన్ 1న ఈ పంటలు రకానికి రెండేసి నాటి, ఎరువు వేసిన గడుల్లో గోల్డ్ స్టార్ కోసం వీలైనన్ని పార్స్‌నిప్‌లు, మెలన్‌లు, గుమ్మడులు ఉంచుకుంటే, ఫాల్ ముగిసేలోగా పంటల బండిల్స్ నాలుగూ పూర్తయ్యే అవకాశం ఉంటుంది.