మెట్ల కింది తుప్పు దొరవారికి

మహారాజరాజశ్రీ తుప్పు దొరవారి సముఖానికి, హనుమకొండ నుంచి ఒక పాత సైకిల్ ఆసామి దండం పెట్టి రాసుకునేది.

బాంచెన్ దొరా! వానలు పట్టినయి, ఇగ మీకు పండుగే. మెట్ల కింద మీ గడీల ఏ లోటూ లేదు కద? మూడు దిక్కుల గోడలు, నాలుగో దిక్కు మోటరు, కాళ్ల కింద సంపు మూత. ఎండ సొరదు, గాలి ఆడదు. మోటరు జాయింటు కాడ కారే నీళ్లు బొట్టుబొట్టుగ మా సైకిల్ చైను మీదనే పడ్తయి. ఇసొంటి జాగ మీకు ఇంకేడ దొరుకుతది?

మీరు జబర్దస్తీగ వచ్చి కూసున్నరని లోకం అనుకుంటది. తప్పు. ఇనుము, నీళ్లు, గాలిల ఉన్న ఆక్సిజన్ ఒక్కకాడ చేరితే మీరు వస్తరు. ఆ మూడింటిని చేరదీసింది మా ఇంటోళ్లే, అది కూడ సైకిల్ మీది ప్రేమతోటి. తడవద్దని మా బాపు గోనెసంచి కప్పిండు. గోనె ఒక్కసారి తడిస్తే వారమైనా ఆరదాయె. దుమ్ము పడొద్దని దాని మీద మా ఇంటామె ప్లాస్టిక్ కవరు కప్పింది. లోపలి తడి బయటికి పోకుండ పక్కా బందోబస్తు!

ఇగ దసరా సంగతి. ఆ పొద్దు పొద్దుగాల్నే సైకిల్‌ను వాకిట్లకు గుంజి, పైపు పెట్టి, హబ్బుల దాక నీళ్లు కొడ్తరు. లోపలి గోలీలకున్న గ్రీసు కొంత కొట్టుకపోతది, దాని జాగల నీళ్లు చేరుతయి. తుడిచేటోడు ఉండడు. పసుపు, కుంకుమ, హ్యాండిలుకు బంతిపూల దండ, చక్రం కింద నిమ్మకాయ. తొక్కిచ్చి, చప్పట్లు కొట్టి, తడి సైకిల్‌ను మళ్ల మెట్ల కిందికే తోస్తరు. ఏడాదికొక్కసారి చేసే సేవ, అది కూడ మీకే! నిజం చెప్పాల్నంటే ఆ నిమ్మకాయను టైరు కింద నలిపే బదులు సగానికి కోసి రిమ్ముకు రుద్దితే పైపైన పట్టిన మీ పరివారం కొంత ఊడొస్తది. నిమ్మరసంల పులుపు తుప్పును కరిగిస్తది. రుద్దినంక కడిగి, పొడిబట్టతోని తుడిచి, సన్నగ నూనె రాయాలె. గని పూజకు తెచ్చిన కాయను గట్ల కోస్తే మా అమ్మ ఊకుంటదా?

మీ కొలువుల పెద్ద దివాను కొబ్బరినూనె. చైను కిర్రుమంటే చాలు, మా ఇంట్ల తలకు రాసే సీస తెచ్చి ధారగ పోస్తరు. 24 డిగ్రీల కిందికి పోతే అది గడ్డ కడ్తది. చలికాలం పొద్దున చైను చూస్తే లింకు లింకుకు తెల్లటి పేరిన నూనె, దాని మీద వాకిలి ఊడ్సిన దుమ్ము. మా అవ్వ జడ కూడ అంత జిడ్డుగ ఉండదు. మా చౌరస్తాల సైకిల్ టాక్సీ, అంటే సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం, నడిపిన చాచా వేరే తీరు చేసేటోడు. ముందుగాల కిరసనాయిలు గుడ్డతోని చైను తోముడు. ఆరినంక పెడల్ వెనుకకు తిప్పుకుంట ఒక్కో రోలరు మీద ఒక్కో సుక్క కుట్టుమిషన్ నూనె. జరసేపు ఆగి, పైన మిగిలింది మొత్తం తుడుసుడు. నూనె లోపల ఉండాలె గని పైన కాదు, పైనున్నది దుమ్మును పిలుస్తది. తుడుసుడు అనే రెండో సగం మా ఇంట్ల ఎవ్వరికీ ఎక్కలే.

ఇదే గడ్డ మీద నిజామాబాదు దిక్కు కోనసముద్రంల మూసల ఉక్కు వండేటోళ్లు. డమాస్కస్ కత్తుల దాక పోయిన పేరు ఆ ఉక్కుది. వాళ్ల వారసులం మేము చైను ఆరబెట్టుకోలేకపోతున్నం, మీ దయ.

2018ల ఐక్యరాజ్యసమితి జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినం చేసింది. మనకు 2నాడు రాష్ట్రం పండుగ, 3నాడు సైకిల్ పండుగ, ఇంకో నాలుగైదు రోజులకు మిరుగు, అంటే మృగశిర కార్తె. వానకు ముందు సైకిల్‌ను విప్పి గ్రీసు పెట్టుకునే అసలు వారం అదే. మా ఇంట్ల అప్పటికి నూనె పేరెత్తితే మామిడికాయ తొక్కు ముచ్చటే. అన్నట్టు మాది అట్లాస్ సైకిల్. 2020ల సరిగ్గ ఆ జూన్ 3నాడే సాహిబాబాదుల అట్లాస్ ఫ్యాక్టరీ మూతపడ్డది. ఆ పొద్దు మీరు గడీల దీపాలు పెట్టుకున్నరా దొరా?

టైర్ల సంగతి మీ ఖాతాల రాయను, అది మా ఖాతానే. ట్యూబులకెళ్లి గాలి దానంతట అదే సన్నసన్నగ పోతది, నెలకొకసారన్న పంపు పట్టాలె. గాలి లేని టైరు మీద నెలల తరబడి నిలబెడితే రిమ్ము కింద నలిగి అంచులు పగులుతయి. స్టాండు వేసినమని మావోళ్లకు ధీమా. స్టాండు లేపేది వెనుక చక్రాన్నే, ముందుది పాపం నేల మీదనే.

ఇగ అసలు ముచ్చట. ఈ జాబును జాగ ఖాళీ చెయ్యమనే నోటీసు అనుకోండ్రి. ఈ ఆదివారం వరండా గోడకు రెండు గట్టి కొక్కేలు కొట్టిస్తున్న. సైకిల్ దగ్గర దగ్గర 20 కిలోలు, మేకులకు ఆగేది కాదు. రెండు టైర్లు నేలకు తాకకుండ, గాలాడేకాడ వేలాడ్తది. గోనెసంచి పోతది, కవరు పోతది. మా ఇంటామె ఒప్పుకున్నది గని ఒక్కటే అడిగింది, "వాన పడ్డప్పుడు దాని మీద తడిబట్టలు ఆరేసుకోవచ్చా?" అని. ఇండ్ల మీ పైరవీ ఉన్నదని నాకు అనుమానం.

ఎటు పోవాలె అని మీరు పరేషాన్ కావొద్దు. మా గేటు బందులున్నయి, ఎన్నో ఏండ్ల సంది నూనె సుక్క ఎరగయి. రాత్రి తీస్తే గల్లీ అంత లేస్తది. అండ్ల సుఖంగ ఉండుండ్రి. కుట్టుమిషన్ నూనె సీసల ఇంక సగం ఉన్నది గని, అది సైకిల్‌కు తప్ప దేనికీ ముట్టొద్దని బాపు అల్మారల పెట్టి తాళమేసిండు.